క్రమవృద్ధిని తెలుపు ఆంగ్ల పదబంధములు – తెలుగున వాని అర్థము, ప్రయోగము

ఒక వస్తువు ఒక్కసారిగా గాక కాలముతోపాటు పెరుగుటను తెలుపుటకు ఆంగ్లభాషలో పెక్కు పదబంధములు కలవు. 'గ్రాడ్యువల్లీ', 'స్టెడిలీ', 'ఇంక్రీసింగ్లీ', 'బై డిగ్రీస్', 'లిటిల్ బై లిటిల్', 'మోర్ అండ్ మోర్', 'డే బై డే' మున్నగునవి విద్యార్థులు తరచుగా ఎదుర్కొనునవి. మన పాఠ్యపుస్తకములలోను, కార్యాలయ ప్రకటనలలోను, వార్తాపత్రికలలోను వీనిలో అధికభాగమునకు ఒకే మాట అనువాదముగా కనబడుచున్నది. ఆ మాట 'క్రమముగా'. ఆంగ్లమున ఈ పదబంధములు పర్యాయపదములు కావు. తెలుగునను వానికి వేరువేరు సాధనములు లేకపోలేదు. ఉన్న సాధనములను విడిచి ఒక్క సంస్కృతపదమునే అన్నిటికి వాడుటవలన అర్థమెచ్చట చెడుచున్నదో, ఆ చెడుట యే సందర్భమున ప్రమాదకరమగునో పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశ్యము.

'గ్రాడ్యువల్' అను విశేషణము లాటిన్ భాషలోని 'గ్రాడుస్' అను శబ్దమునుండి వచ్చినది. 'గ్రాడుస్' అనగా అడుగు, మెట్టు. 'గ్రేడ్', 'డిగ్రీ' అను మాటలకును మూలమిదియే. కనుక 'బై డిగ్రీస్' అనినచో మెట్టువెంట మెట్టుగా అని అర్థము. సంస్కృతమున 'క్రమ' శబ్దమునకు మూలమయిన 'క్రమ్' ధాతువునకును పాదవిక్షేపమే అర్థము. త్రివిక్రముడనగా మూడడుగులు వేసినవాడు. వామనుడు త్రివిక్రముడై పెరిగిన ఘట్టమును పోతన భాగవతము అష్టమ స్కంధమున వర్ణించిన పద్యము తెలుగువారికి క్రమవృద్ధికి పర్యాయమైపోయినది. వృద్ధి యొక్కయు అడుగు యొక్కయు ఈ సంబంధము రెండు దూరపు భాషలలో ఇట్లు ఒకే తీరున నిలుచుట గమనింపదగినది. ఇంతవరకు చూచిన 'గ్రాడ్యువల్లీ' అను దానికి 'క్రమముగా' అను అనువాదము నిర్దుష్టమనియే తోచును.

చిక్కు తెలుగులో మొదలగును. తెలుగున 'క్రమము' అను మాటకు అడుగు అను అర్థము లుప్తమై వరుస, పద్ధతి, నియమము అను అర్థములు ప్రధానమైనవి. 'పిల్లవాడు క్రమముగా బడికి పోవుచున్నాడు' అనినచో మానక పోవుచున్నాడని అర్థము. 'పుస్తకములను క్రమముగా పేర్చెను' అనినచో వరుసగా పేర్చెనని అర్థము. 'చలి క్రమముగా పెరిగెను' అనినప్పుడు మాత్రమే కొంచెము కొంచెముగా అను అర్థము వచ్చును. అనగా ఒక్క మాటకు మూడర్థములు. వీనిలో ఏది గ్రాహ్యమో క్రియయే నిర్ణయింపవలెను. క్రియ నిర్ణయింపలేని చోట్లును ఉన్నవి. కొన్ని ఔషధములను, ముఖ్యముగా స్టెరాయిడ్ జాతివానిని, ఒక్కసారిగా మానరాదు, మోతాదును దఫదఫకు తగ్గించుచు మానవలెనని వైద్యులు చెప్పుదురు. 'తగ్గించుచు మందును క్రమముగా వాడవలెను' అని వ్రాసినచో, మానక వాడవలెననియా, మోతాదును కొంచెము కొంచెముగా దించవలెననియా అను సందేహము రోగికి కలుగక మానదు. 'కొంచెము కొంచెముగా తగ్గించుచు రావలెను' అని వ్రాసినచో ఆ సందేహమునకు తావులేదు. రెండవ వాక్యము మొదటిదానికంటె తక్కువ పండితోచితముగా కనబడవచ్చును. కాని రోగికి కావలసినది అది.

ఇచట పత్రికలలోను ఆకాశవాణి వార్తలలోను విరివిగా వినబడు 'క్రమేపీ' అను రూపమును గూర్చి ఒక మాట. 'క్రమేణ' అను తృతీయాంతమునకు 'అపి' చేరినచో సవర్ణదీర్ఘముచే 'క్రమేణాపి' కావలెను గాని 'క్రమేపి' కాదు. 'క్రమే' అను సప్తమ్యంతమునకు 'అపి' చేరినచో పూర్వరూపముచే 'క్రమేఽపి' అను రూపము సిద్ధించును. కాని దానికి 'క్రమమునందును' అని అర్థము. కొంచెము కొంచెముగా అని కాదు. వ్యాకరణముచే రూపము పొసగి అర్థము పొసగని ఈ మాటను జనులు ఏ శంకయు లేక వాడుచున్నారు, అర్థము చేసికొనుచున్నారు. 'క్రమముగా' అను మాటకున్న మూడర్థముల బెడద దీనికి లేకపోవుటయే దాని బలమేమో. దీనిని బహిష్కరింపవలెనని నేను వాదింపను. విద్యార్థి పరీక్షాపత్రమున వ్రాసినచో ఎఱ్ఱసిరాతో గీత గీయుటకు ముందు ఇది యెందులకు నిలిచినదో ఉపాధ్యాయుడు ఆలోచించుట మేలు.

ఇక ప్రధాన విషయము. తెలుగు క్రమవృద్ధిని చెప్పునది ముఖ్యముగా ద్విరుక్తితో. అష్టాధ్యాయి ఎనిమిదవ అధ్యాయము మొదటి పాదమున పాణిని ద్విరుక్తి విధులను చెప్పి, రెండవసారి ఉచ్చరింపబడిన రూపమునకు ఆమ్రేడిత సంజ్ఞ చేసెను. ఆ పాదమున నాలుగవ సూత్రము నిత్యత్వ, వీప్సా అర్థములలో ద్విరుక్తిని విధించును. వీప్స యనగా ప్రతి యొక్కదానిని వ్యాపించుట: 'ఇంటింట', 'ఊరూర' వంటివి. చాలమంది ద్విరుక్తి యనగానే వీప్సతో ఆగుదురు. అదే పాదమున పండ్రెండవ సూత్రముపై కాశికావృత్తి చూపు వార్తికములలో 'ఆనుపూర్వ్యము'న కూడ ద్విరుక్తి చెప్పబడినది. మొదలు మొదలున లావు, కొనకొనకు సన్నము అను భావము గల ఉదాహరణమచట కలదు. ఆ చెట్టుకొమ్మ ప్రతి మొదట లావుగా ఉన్నదని కాదు ఆ మాట కర్థము. మొదలివైపు పోయిన కొలది లావు హెచ్చుచున్నదని. అనగా వీప్స వేరు, ఆనుపూర్వ్యము వేరు అను వివేకము మన వ్యాకరణ సంప్రదాయమున ఎప్పుడో ఉన్నది. ఆంగ్లమున 'ఎవ్రీ డే' అను దానికి 'డే బై డే' అను దానికి గల భేదమిదియే.

తెలుగు ఈ భేదమును ఎట్లు చూపునో ఈ క్రింది ప్రయోగములవలన తెలియును. 'రోజూ రోజూ వాన పడుచున్నది' అనునది వీప్స. 'రోజురోజుకు వాన హెచ్చుచున్నది' అనునది ఆనుపూర్వ్యము. 'ఏటేట జాతర జరుగును', 'ఏటికేడు జాతరకు జనము హెచ్చుచున్నారు'. 'పూటపూట అన్నము పెట్టుదురు', 'పూటపూటకు జ్వరము పెరుగుచున్నది'. ప్రతి జంటలోను రెండవ ప్రయోగమున షష్ఠీ విభక్తి ప్రత్యయమైన 'కు' గాని దాని రూపాంతరమైన 'కి' గాని వచ్చి చేరినది. వీప్సను వృద్ధిగా మార్చుచున్నది ఈ చిన్న ప్రత్యయమే. ఇది నిరపవాదమైన నియమము కాదు. 'గంటగంటకు మందు వేయవలెను' అనినచోట 'కు' ఉన్నను వీప్సయే. అచట కాలావధిని చెప్పుటకు 'కు' వచ్చినది. క్రియ స్వభావమునుబట్టి నిర్ణయింపవలసినదే అయినను, వృద్ధిబోధకమైన క్రియతో 'కు' లేని ద్విరుక్తి అరుదు.

'అంతకంతకు' అను మాట ఈ వర్గమునకు శిరోమణి. 'అంత' అనునది పరిమాణవాచకము. 'అంతకు' అనగా అంత పరిమాణముతో పోల్చగా. దానిని మరల పలికినచో, ఇప్పుడు చేరిన పరిమాణముతో పోల్చగా మరల హెచ్చు, ఆ హెచ్చిన దానితో పోల్చగా మరల హెచ్చు అని అర్థము సాగును. వేదాధ్యయనమున క్రమపాఠము చెప్పువారికి ఈ నడక పరిచితమే: మొదటి పదమును రెండవదానితోను, రెండవదానిని మూడవదానితోను కలిపి చెప్పుచు, ప్రతి జంటను వెనుకటి జంట ముగిసిన పదముతోనే ఆరంభింతురు. 'అంతకంతకు' అను దానిలోను ప్రతి మెట్టు వెనుకటి మెట్టు చివరనుండి బయలుదేరును. చివరి 'కు'ను తొలగించి చూడుడు. 'అంతకంత' అనగా సమానమైన ఇంకొక పాలు, బదులుకు బదులు. 'చేసినదానికి అంతకంత అనుభవించెను' అనినచోట వృద్ధి యేమియు లేదు, సరిసమానత కలదు. ఒక్క ప్రత్యయము లోపించుటతో 'మోర్ అండ్ మోర్' అను అర్థము 'యాజ్ మచ్ ఎగైన్' అను అర్థముగా మారిపోయినది.

మన విద్యార్థులు 'మోర్ అండ్ మోర్' అను దానిని 'ఎక్కువ మరియు ఎక్కువ' అని అనువదించుట పరీక్షాపత్రములు దిద్దువారందరు ఎరిగినదే. ఆంగ్లమున తరప్రత్యయ స్థానీయమైన రూపము కలదు. దానిని రెండుసార్లు పలికి నడుమ 'అండ్' చేర్చుటచే వృద్ధి సూచింపబడును. సంస్కృతమునను తర, తమ ప్రత్యయములు కలవు. తెలుగున విశేషణమునకు అట్టి రూపభేదము లేదు. 'కంటె' అనియో, 'కు' అనియో పోలికను నామమునకు తగిలింపవలసినదే. కావున 'హయ్యర్ అండ్ హయ్యర్' అను దానికి తెలుగున ద్విరుక్తి విశేషణముమీద గాక పోలికకు గురియైన 'అంతకు' అను పదముమీద పడును. ఈ సంగతి తరగతిలో ఒక్కసారి చెప్పినచో 'మరియు'ల బాధ చాలవరకు తీరును. సంస్కృతమునుండి తెచ్చుకొందమనినచో 'ఉత్తరోత్తరము' కలదు గాని అదియును మనలను మోసగించునదే. సంస్కృతమున పైపైకి హెచ్చుటను చెప్పగల ఆ మాట తెలుగు దస్తావేజులలో 'ఉత్తరోత్తరా' అయి, మున్ముందు అను అర్థమున స్థిరపడినది. 'ఉత్తరోత్తరా తగాదాలు' అనగా పెరుగుచున్న తగాదాలు కావు, రాబోవు తగాదాలు.

ద్విరుక్తి యంతయు వృద్ధినే చెప్పునని భ్రమపడరాదు. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణమున ఆమ్రేడితము పరమగునపుడు కడ, కొన, చివర, తుద, నడుమ, పగలు, మొదలు మున్నగు శబ్దములకు కలుగు ద్విరుక్త టకారమును అందరు చదివినదే: కట్టకడ, చిట్టచివర, తుట్టతుద, నట్టనడుమ, పట్టపగలు, మొట్టమొదలు. వీనిలో ఒక్కటియు గమనమును చెప్పదు. అన్నియు హద్దును చెప్పును. ఇక మీద పోవుటకు చోటులేదు అను భావము వీనిది. గణములోని శబ్దములలో అధికభాగము స్థానమునకు, కాలమునకు సంబంధించిన హద్దులే యగుట యాదృచ్ఛికముగా తోచదు. కాశికలోని 'మొదలు మొదలున' అను భావమునకు మన 'మొట్టమొదట' అను దానికి మధ్య ఉన్న దూరమే వృద్ధికిని అవధికిని మధ్య ఉన్న దూరము. మన తరగతులలో ఆమ్రేడితమును సంధి ప్రకరణమున రూపసాధనకు మాత్రమే బోధించి విడిచిపెట్టుచున్నాము. అర్థభేదమును కూడ అచటనే చెప్పుట అవసరము.

ఈ భేదములు కేవలము పాండిత్య విషయములు కావనుటకు గోదావరి వరదను మించిన ఉదాహరణము ఈ ప్రాంతమువారికి అక్కరలేదు. ధవళేశ్వరమువద్ద 1852లో ఆనకట్ట పూర్తియయిన నాటినుండియు, దాని స్థానమున 1982లో బ్యారేజి పూర్తియయిన పిమ్మటను, డెల్టా ప్రజలు వరదకాలమున ఎదురుచూచునది అచటి నీటిమట్టము మాట. మట్టము 11.75 అడుగులకు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరికయు, 13.75 అడుగులకు చేరినచో రెండవదియు, 17.75 అడుగులకు చేరినచో మూడవదియు ప్రకటింతురు. ఇవి నిజమైన 'డిగ్రీలు', నిజమైన మెట్లు. మెట్లు సమానములు కావు. మొదటిదానికి రెండవదానికి నడుమ రెండడుగులు, రెండవదానికి మూడవదానికి నడుమ నాలుగడుగులు. 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద నీరు 75.6 అడుగులకు లేచి, ధవళేశ్వరమువద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహము సముద్రమునకు పోయినది. 2022 జూలైలో భద్రాచలమున 71.3 అడుగులు నమోదయినది. లంక గ్రామములవారు ఇట్టి దినములలో వినవలసినది నీరు ఎంత ఉన్నదని మాత్రమే కాదు, ఎట్లు పెరుగుచున్నదని. పశువులను గట్టెక్కించుటకు ఎన్ని గంటల వ్యవధి ఉన్నదో తెలుపునది రెండవ సంగతియే.

కేంద్ర జలసంఘము వరద సమాచారమున నదీస్థితిని ఆంగ్లమున మూడు మాటలతో చెప్పుదురు: 'రైజింగ్', 'ఫాలింగ్', 'స్టెడీ'. ఇచట 'స్టెడీ' అనగా పెరుగుట గాని తగ్గుట గాని లేదని. తెలుగు ప్రకటనలలో దీనికి 'నిలకడగా ఉన్నది' అను చక్కని మాట స్థిరపడినది. చిక్కేమనగా, ఆంగ్లముననే 'రైజింగ్ స్టెడిలీ' అనినచో అర్థము తారుమారగును. నీరు ఆగక, ఒకే వేగముతో పెరుగుచున్నదని దాని భావము. 'స్టెడీ'కి 'నిలకడ' అని కంఠస్థము చేసిన అనువాదకుడు దీనిని 'నిలకడగా పెరుగుచున్నది' అని వ్రాసినచో, గాలిలో సగము వినబడి సగము వినబడని ఆ ప్రకటనలో 'నిలకడగా' అను మొదటి మాటను పట్టుకొన్నవాడు వరద నిలిచినదనుకొని ఇంట కూర్చుండును. 'ఆగకుండ పెరుగుచున్నది' అనవలెను. వేగము సమానమని కూడ చెప్పదలచినచో 'గంటకు ఇంత చొప్పున పెరుగుచున్నది' అనవలెను. 'చొప్పున' అను మాటలో సమవేగము ఇమిడియున్నది. వేగమే హెచ్చుచున్నప్పుడు 'అంతకంతకు పెరుగుచున్నది'. ఈ మూడింటికి బదులుగా 'క్రమముగా పెరుగుచున్నది' అనినచో ప్రమాదము లేనట్లు, అంతయు పద్ధతిగా జరుగుచున్నట్లు ఒక నిశ్చింత శ్రోత మనసున కలుగును. 'క్రమము'లోని నియమబద్ధత అను అర్థము అచట అనవసరముగా తొంగిచూచుటయే దానికి కారణము.

ఇంకొకటి. ఆంగ్లమున 'రోజ్ బై టూ ఫీట్' అనినచో పెరుగుదల రెండడుగులు. 'రోజ్ టు థర్టీన్ ఫీట్' అనినచో చేరిన మట్టము పదమూడడుగులు. తెలుగున ఈ భేదమును చూపునది మరల ఆ 'కు' ప్రత్యయమే. 'పదమూడడుగులు పెరిగినది' అనుట వేరు, 'పదమూడడుగులకు పెరిగినది' అనుట వేరు. వార్తాశీర్షికలలో స్థలము చాలక ఈ 'కు'ను జార్చుట నేను పలుమారులు చూచితిని. జారినది ఒక్క అక్షరమే. వరద ఒక్క రాత్రిలో పదమూడడుగులు లేచినదను అర్థము మాత్రము వచ్చి కూర్చుండును. 'అంతకంతకు' అను మాటలోను, ఇచటను 'కు' చేయుచున్న పని ఒక్కటియే: కొలత ఎచ్చటికి చేరినదో, దేనితో పోల్చవలెనో చెప్పుట.

సమవేగ వృద్ధికిని పెరుగు వేగపు వృద్ధికిని గల భేదము పల్లెలలో చదువురాని వారికిని తెలియును, కారణము అప్పులు. 'వడ్డీ' అను మాటయే 'వృద్ధి' శబ్దమునకు ప్రాకృతముగుండా వచ్చిన తద్భవము. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి వేయి రూపాయలు తెచ్చిన కౌలురైతు బారువడ్డీ లెక్కన ఏటికి 240 రూపాయల చొప్పున మూడేండ్లకు 720 రూపాయలు వడ్డీ కట్టవలెను. ఏటికొకసారి వడ్డీని అసలులో కలుపు చక్రవడ్డీ అయినచో మొదటి యేట 240, రెండవ యేట 297.60, మూడవ యేట సుమారు 369 రూపాయలు. మూడేండ్లకు అప్పు 1,906 రూపాయలు దాటును. మొదటిది 'చొప్పున' పెరిగినది, రెండవది 'అంతకంతకు' పెరిగినది. ఆంగ్లమున 'ఇంక్రీసింగ్' అనుటకు 'ఇంక్రీసింగ్లీ' అనుటకు గల వ్యత్యాసమును బోధించుటకు ఇంతకంటె సులభమైన దృష్టాంతము నాకు దొరకలేదు. 'ఇంక్రీసింగ్ డెట్' అనగా పెరుగుచున్న అప్పు. 'ఇంక్రీసింగ్లీ హెవీ డెట్' అనగా భారము నానాటికి హెచ్చుచున్న అప్పు. మొదటిదానిలో అప్పు పెరుగుచున్నది, రెండవదానిలో భారమను గుణము పెరుగుచున్నది. గుణవృద్ధిని చెప్పు ఈ రెండవ ప్రయోగమును 'పెరుగుచున్న భారపు అప్పు' అని వ్రాయుట మాటకు మాట పెట్టుట మాత్రమే.

రెండు విషయములు ఒకదాని ననుసరించి యొకటి పెరుగుటను చెప్పుటకు ఆంగ్లమున 'ద మోర్ ... ద మోర్' అను నిర్మాణము కలదు. ఇచటి 'ద' అనునది సాధారణముగా మనము బోధించు ఆర్టికల్ కాదు. ప్రాచీనాంగ్లమున సర్వనామమునకు ఉండిన తృతీయా విభక్తి రూపము యొక్క అవశేషమది. 'ఎంతచేత నెక్కువో, అంతచేత నెక్కువ' అని దాని మూలార్థము. సంస్కృతమున 'యథా యథా – తథా తథా' అను జంట దీనికి సరిపోవును. ఆ వాసనతో తెలుగున 'ఎంతెంత – అంతంత' అని వ్రాయవచ్చును గాని, దేశీయమైన నుడికారము వేరు. అది 'కొలది', వాడుకలో 'కొద్దీ'. 'త్రవ్విన కొలది నీరూరును', 'చదివిన కొలది సందేహములు పెరుగును'. 'కొలుచు' ధాతువుతో సంబంధించిన ఈ మాటకు కొలత యని అర్థము. త్రవ్విన కొలత యెంతో నీరూరిన కొలత అంత. ఆంగ్లము రెండుసార్లు చెప్పిన పరిమాణమును తెలుగు ఒక్కసారియే చెప్పి ఊరకుండును. 'ఎంత ఎక్కువగా త్రవ్వితే అంత ఎక్కువగా నీరూరును' అను వాక్యము తప్పు కాదు. కాని నూతిలో నిలిచి త్రవ్వువాడెవడు అట్లనడు. చేయు పనిచేతనే అనుభవము మారుట ప్రధానమైనచో 'వినగా వినగా', 'చదువగా చదువగా' అను రూపము వచ్చును. వేపచేదును గూర్చిన వేమన పద్యము దీనికి అందరెరిగిన లక్ష్యము.

'రానురాను', 'పోనుపోను' అను జంట విచిత్రమైనది. వచ్చుట, పోవుట పరస్పర విరుద్ధక్రియలు. అయినను రెండును కాలము గడచుటనే చెప్పుచున్నవి. నాకు తోచిన భేదమిది: 'రానురాను' అనువాడు వర్తమానమున నిలిచి, కాలము తనవైపు వచ్చుచున్నట్లు చూచును. 'పోనుపోను' అనువాడు ఆరంభస్థానమున నిలిచి, విషయము ముందునకు పోవుచున్నట్లు చూచును. అందుచేత 'పోనుపోను దారి సన్నగిల్లినది' అని దేశమునకు కూడ వాడుదుము. 'రానురాను దారి' అనము. ఆంగ్లమున 'యాజ్ టైమ్ వెంట్ ఆన్' అనునప్పుడు కాలము పోవునదే, వచ్చునది కాదు. దానికి నేటిదాక వచ్చిన కథయైనచో 'రానురాను' అనియు, కథలోని కాలమైనచో 'పోనుపోను' అనియు సందర్భమునుబట్టి అనువదింపవచ్చును.

ఈ మాటలకు మరియొక లక్షణము కలదు. దానిని నిఘంటువులు సాధారణముగా చెప్పవు. 'రానురాను రాజుగారి గుఱ్ఱము గాడిద అయినది', 'నానాటికి తీసికట్టు నాగంభొట్లు' అను సామెతలు రెండును పతనమును చెప్పునవే. 'నానాటికి' అనగా నాటినాటికి. నిర్వచనమున మంచిచెడుల ప్రసక్తి లేదు. వాడుకలో మాత్రము 'నానాటికి పెరుగు ధరలు', 'నానాటికి పెరుగు అప్పులు' సహజముగా వినబడును. 'నానాటికి పెరుగు ఆరోగ్యము' అనినచో చెవికి పొసగదు. శుభమును కోరునప్పుడు 'దినదినాభివృద్ధి' అందుము. దుకాణము తెరచిన నాడు 'మీ వ్యాపారము నానాటికి పెరుగుగాక' అని ఎవరును దీవింపరు. అర్థము ఒక్కటే, భావచ్ఛాయ వేరు. ఆంగ్లమున 'డే బై డే' అను మాటకు ఇట్టి పక్షపాతము లేదు. దానిని తెనిగించువాడు పెరుగుచున్నది మేలో కీడో ముందు చూచికొని మాట ఎంచుకొనవలెను. 'డే ఆఫ్టర్ డే' అనినచో వృద్ధి యేమియు లేదు, విసుగు కలదు. దానికి 'రోజుల తరబడి' అనుట ఒప్పును.

మిగిలినవి శీఘ్రముగా చెప్పవచ్చును. 'స్టెప్ బై స్టెప్' అనునది పెరుగుదలకంటె పనిచేయు పద్ధతిని ఎక్కువగా చెప్పును. 'అంచెలంచెలుగా', 'ఒక్కొక్క మెట్టుగా' అనునవి దానికి తగును. ఇచట 'క్రమముగా' అనినను దోషములేదు. 'లిటిల్ బై లిటిల్', 'బిట్ బై బిట్' అను వానికి 'కొంచెము కొంచెముగా', ద్రవమైనచో 'బొట్టుబొట్టుగా', గమనమైనచో 'మెల్లమెల్లగా'. ఆంగ్లమున తునుక, చిన్నతనము అను మాటలను ద్విరుక్తము చేసినట్లే తెలుగును చేయుచున్నది గనుక చిక్కులేదు. 'ఇంచ్ బై ఇంచ్' అనుదానికి 'అంగుళ మంగుళము' అనుటకంటె 'జానెడు జానెడు' అనుట కొన్నియెడల సహజము.

క్రియలలోనే వృద్ధి ఇమిడియుండు మాటలును కలవు. వ్యాధి 'ముదురును', నిప్పు 'రాజుకొనును', నది 'పోటెత్తును'. వీనికి 'క్రమముగా' తగిలించుట పునరుక్తి. 'ఇనుమడించు' అను క్రియకు రెట్టింపగుట యని అర్థము. అయినను నేడు ఎంత స్వల్పవృద్ధికైనను 'ఉత్సాహము ఇనుమడించెను' అని వ్రాయుచున్నారు. ఆంగ్లమున 'రీడబుల్' అను క్రియకును ఇదియే గతి పట్టినది. 'రీడబుల్డ్ ఎఫర్ట్స్' అనినప్పుడు ఎవరును ప్రయత్నములను రెండుచే గుణించి చూడరు. ఈ ఒక్కచోట మాత్రము అనువాదకుడు నిశ్చింతగా మాటకు మాట పెట్టవచ్చును. మూలమున లెక్క నిజముగా రెట్టింపయినప్పుడు 'ఇనుమడించెను' అని ఊరకుండక 'రెండింతలైనది' అని విప్పి వ్రాయుట అవసరము.